చెవిలో గూళ్ళు

కర్నూలు బస్టాండు దగ్గర ఒక టీ కొట్టు ముందు నా చెవిన పడిన మాటలివి.

“మా పెద్దోనికి సైటొచ్చిందన్నా.”

“అట్లనా! యాడొచ్చింది? నంద్యాల రోడ్డు పక్కనా?”

“రోడ్డు పక్కన గాదు సామీ, కండ్లకొచ్చింది. అద్దాలు పెట్టుకోవల్లంట.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకాయన మాత్రం టీ గ్లాసు బల్ల మీద పెట్టి అసలు ప్రశ్న అడిగాడు. “ఈ ఇంగ్లీషోళ్ళకు మాటలేమన్నా కరువా? దేన్ని చూసినా సైటే అంటారేంది?” ఇంకొకాయన జవాబు చెప్పేశాడు: “వాళ్ళు సరిగ్గానే అంటారప్పా, మనకే ఒకే మాదిరి ఇనపడతాది.”

ఇద్దరూ చెరిసగం నిజమే చెప్పారు. ఆ రెండు సగాలనూ విడదీసి చూస్తే, మాట చెవిలోకి ఎట్లా పోతుందో, రాత ఎందుకు మాట వెనకాల పడి నడుస్తుందో కొంత తెలుస్తుంది.

సైటు, సెంటు, బోరు

మొదట ప్రశ్న అడిగిన పెద్దమనిషి పక్షం చూద్దాం. ఇంటి స్థలం సైటు, కంటి చూపు సైటు, ఫలానా పుస్తకంలో ఉందని ఉదహరించడమూ సైటే. ఇంగ్లీషులో మూడింటికీ వేరువేరు అక్షరాలున్నాయి. పలుకు మాత్రం ఒక్కటే, లండనులో పుట్టినవాడు పలికినా అంతే. కాబట్టి ఈ గందరగోళంలో మన తప్పేమీ లేదు. దీనికి తోడు మనం ఇంకో సైటు సొంతంగా తయారుచేసుకున్నాం. వీధి మలుపులో నిలబడి కుర్రాళ్ళు ‘కొట్టే’ సైటు ఇంగ్లీషువాడి నిఘంటువులో దొరకదు.

సెంటు కూడా అదే కథ. ఎకరంలో నూరో వంతు సెంటు. పెళ్ళికి పోతూ చొక్కా మీద చల్లుకునేదీ సెంటే. మొదటిది నూరు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. రెండోది వాసన చూడటం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఈ వాసన సెంటును ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘ఎస్’ తరవాత ఒక ‘సి’ వస్తుంది. దాన్ని ఎవరూ పలకరు, అసలు మాటలో అది లేదు కూడా. పదిహేడో శతాబ్దంలో ఎవరో చేర్చారు, అప్పట్నుంచి బడిపిల్లలు దాన్ని మోస్తున్నారు.

ఇక బోరు. ఈ సీమలో ఈ మాట వినకుండా ఒక్క రోజు గడవదు. భూమిలోకి వందల అడుగులు దించేది బోరు. ఆ బోరులో నీళ్ళు పడక అప్పులపాలైన రైతు ముందు కూర్చుని, సినిమా బోరు కొట్టిందని ఎవడన్నా అంటే ఆ రైతుకు ఏమనిపిస్తుందో! ఈ రెండు బోర్లకూ ఇంగ్లీషులో అక్షరాలు కూడా అవే. ‘అడవి పంది’ బోరుకు మాత్రం అక్షరాలు వేరు, పలుకు అదే.

మరి ఇన్ని అర్థాలున్న మాట చెవిన పడగానే మెదడు ఏం చేస్తుంది? సందర్భాన్ని బట్టి సరైన అర్థాన్నే తీసుకుంటుంది అనుకుంటాం. 1979లో డేవిడ్ స్విన్నీ అనే అమెరికా పరిశోధకుడు ప్రచురించిన ప్రయోగం ఇంకో సంగతి చూపించింది. ఇంగ్లీషులో ‘బగ్’ అంటే పురుగు, రహస్యంగా మాటలు వినడానికి దాచిపెట్టే పరికరమూ బగ్గే. పురుగుల సంగతే అని స్పష్టంగా తెలిసే కథను మనుషులకు వినిపిస్తూ, బగ్ అనే మాట రాగానే ఎదురుగా తెర మీద ఒక మాటను మెరిపించారు. అది అసలు మాటా, అర్థంలేని అక్షరాల గుంపా అన్నది వెంటనే చెప్పాలి. ‘చీమ’ అని కనబడినా, ‘గూఢచారి’ అని కనబడినా చురుగ్గానే చెప్పారు. అంటే ఆ క్షణంలో రెండు అర్థాలూ మేలుకుని ఉన్నాయి. ఇంకో రెండు మూడు అక్షరాలు వినేంత వ్యవధి దాటాక అడిగితే ‘చీమ’కు మాత్రమే ఆ చురుకు మిగిలింది, గూఢచారి పడుకున్నాడు.

గుమ్మంలో పేరు పెట్టి పిలిస్తే, ఆ పేరున్న ఇద్దరు పిల్లలూ ఒకేసారి లేచి వచ్చి, అమ్మ ముఖం చూసి ఒకడు వెనక్కి పోయినట్టు. టీ కొట్టు దగ్గర ‘సైటొచ్చింది’ అనగానే స్థలమూ చూపూ రెండూ లేచాయి. ఇళ్ళ స్థలాల ధరలు మండుతున్న ఊళ్ళో ఏది ముందు గుమ్మం దాటిందో చెప్పాల్సిన పని లేదు.

ఫారం కోడి, ఫారం కాగితం

ఇప్పుడు రెండో పెద్దమనిషి సగం: “మనకే ఒకే మాదిరి ఇనపడతాది.”

అర్జీ పెట్టుకోవడానికి ఫారం నింపుతాం. కోళ్ళు పెంచేదీ ఫారమే. ఈ రెంటినీ ఇంగ్లీషువాడు ఎన్నడూ ఒకే రకంగా పలకడు. కోళ్ళ ఫారంలో వాడి అచ్చు మన ‘ఆ’కు దగ్గరిది. అర్జీ ఫారంలో అచ్చు మన ‘ఆ’ కాదు, ‘ఓ’ కాదు. రెంటికీ నడుమ ఎక్కడో నోరు గుండ్రంగా చేసి పలికేది. ఆ నడిమి అచ్చుకు తెలుగులో చోటు లేదు. అందుకని హాలు, బాలు, కాలు (ఫోను కాలే, నడిచే కాలు కాదు), డాక్టరు, ఆఫీసు అన్నింటినీ ‘ఆ’లో పడేశాం. అట్లా పడేసినప్పుడు కాగితం పోయి కోళ్ళ మధ్య పడింది.

ప్లాటు సంగతి ఇంకా ముదిరింది. మూడు సెంట్ల ప్లాటు కొన్నానని ఒకడంటాడు, మూడో అంతస్తులో ప్లాటు కొన్నానని ఇంకొకడంటాడు. మొదటిదాని అచ్చు ఇందాకటి నడిమి అచ్చు జాతిది. రెండోదాని అచ్చు బ్యాంకులో, బ్యాగులో వినిపించేది. అది మన నోటికి కొత్తేమీ కాదు, మేకను ‘మ్యాక’ అన్నప్పుడల్లా పలుకుతూనే ఉన్నాం. దానికి విడిగా అక్షరం లేదు, అంతే. రాసేటప్పుడు రెండూ ‘ఆ’ అయ్యాయి. పై పళ్ళు కింది పెదవికి తగిలించి గాలి వదిలే హల్లు మన అక్షరమాలలో లేదు గనక దానికి ‘ఫ’ను అప్పిచ్చాం. ఆ ఒత్తు కూడా నోట్లో జారిపోయి ‘ప’ అయ్యాక, నేల మీది చదరమూ గాలిలోని మూడు గదులూ ఒకే పేరుతో రిజిస్ట్రాఫీసు మెట్లెక్కాయి.

పడమర వెస్టు, బనియను వెస్టు కూడా ఇట్లాంటివే. ఇంగ్లీషువాడు పడమరకు పెదవులు సున్నాలా చుడతాడు, బనియనుకు కింది పెదవిని పళ్ళకు ఆనిస్తాడు. మన ‘వ’ ఈ రెండూ చెయ్యదు, మధ్యన మెత్తగా పోతుంది. వాడి రెండు ధ్వనులూ వచ్చి మన ఒక్క ‘వ’లో కూర్చుంటాయి. ద్రాక్షతీగా, ద్రాక్షసారాయీ తెలుగు అక్షరాల్లో రాస్తే రెండూ ‘వైన్’ అవుతాయి. ఏది ఏదో నేను విడిగా చెప్తే తప్ప మీకు తెలియదు. ఈ అధ్యాయాన్ని తెలుగు లిపిలో రాయడంలో నేను పడుతున్న తిప్పలే దీనికి సాక్ష్యం.

పాత మట్టిమిద్దెలు చూసినవాళ్ళకు గోడల్లోని గూళ్ళు గుర్తుంటాయి. దీపానికో గూడు, దేవుడికో గూడు, ఆకువక్కల సంచికో గూడు. ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ఉన్న గూళ్ళలోనే ఎక్కడో ఒకచోట ఇరికించాలి. చెవి కూడా అట్లాంటి గోడే. ఒక్కో భాష ఆ గోడలో తనకు కావలసినన్ని గూళ్ళు తొలుచుకుంటుంది. ఇంగ్లీషులో ఫోనీమ్ అనే దాన్ని ఈ అధ్యాయం వరకు ‘ధ్వని గూడు’ అందాం. వాడి ఇంట్లో రెండు గూళ్ళలో ఉన్నవి మన ఇంట్లో ఒకే గూట్లోకి వస్తే, అవి ఒకే వస్తువుగా కనిపిస్తాయి. చెవుడు కాదిది, గోడ కట్టిన తీరు.

పాత పాట

మన ఇంట్లో రెండు గూళ్ళుండి వాళ్ళ ఇంట్లో ఒక్కటే ఉన్న సందర్భాలూ ఉన్నాయి. ‘పాత పాట’ అని తెలుగు రాని ఇంగ్లీషు దొరతో అనండి. ఒకే మాట రెండుసార్లు ఎందుకన్నావని అడుగుతాడు.

ఒకసారి నాలుకను గమనించండి. ‘త’కు కొస పళ్ళకు తగులుతుంది. ‘ట’కు నాలుక వెనక్కి మడిచి అంగిట్లో పైకి తగులుతుంది. ఇంగ్లీషువాడి ‘టి’ ఈ రెండూ కాదు, పళ్ళ వెనకాల చిగురు గట్టు మీద తగులుతుంది. అది మనకు ‘ట’ గూట్లోకి వచ్చింది. అందుకే టేబులు, టికెట్టు, టీచరు అన్నీ మన నోట్లో నాలుక మడిచినవే. వాడికి మాత్రం మన త, ట రెండూ ఆ ఒక్క గట్టు గూట్లోకే చేరతాయి.

1820లో 21 ఏళ్ళ వయసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. తరవాత ఆ ఊళ్ళోనే బంగళా కొని, పండితులను పెట్టుకుని తెలుగు కావ్యాలకు ప్రతులు రాయించాడు, నిఘంటువులు అచ్చువేయించాడు. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు 1854లో విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువే వేశాడు. 21 ఏళ్ళకు తెలుగు నేల మీద పని మొదలుపెట్టిన ఏ దొరకైనా గోడ అప్పటికే కట్టి, పూసి, ఆరిపోయి ఉంటుంది. ఇంత పని జరగడానికి తెలుగు అక్షరం ఎంత తోడ్పడిందో ఊహించుకోవచ్చు. చెవి పట్టుకోలేని తేడాను కన్ను పట్టుకుంటుంది, త వేరు ట వేరు అని కాగితం చెప్తుంది.

మరి గోడ ఎప్పుడు కడతారు? కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని పసిపిల్లలనే అడిగారు. ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే బిడ్డను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, హిందీ ‘త’ను పదే పదే వినిపిస్తారు. మధ్యలో అది ‘ట’గా మారినప్పుడు బిడ్డ తల తిప్పితే పక్కనున్న పెట్టెలో బొమ్మ వెలిగి ఆడుతుంది. త్వరలోనే పిల్లలకు ఆట అర్థమవుతుంది, మార్పు వినబడగానే తల తిప్పి బొమ్మ కోసం చూస్తారు. తల్లి తెలియకుండా సైగ చెయ్యకుండా ఆమె చెవులకు వేరే పాట పెడతారు. 1984లో ప్రచురించిన ఫలితం ఇది: ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది త, ట తేడాను పట్టుకున్నారు. వాళ్ళ అమ్మానాన్నలకు వినిపించని తేడా వాళ్ళకు వినిపించింది! పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి దాదాపు అందరూ దాన్ని పోగొట్టుకున్నారు. అదే వయసులో హిందీ ఇళ్ళ పిల్లలు మాత్రం తల తిప్పుతూనే ఉన్నారు.

నాకు ఈ ప్రయోగంలో నచ్చేది దాని లెక్క. బిడ్డ ఇంకా ‘అత్త’ అనకముందే, నడవకముందే గోడ సగం కట్టేస్తుంది. చుట్టూ వినిపించే తేడాలకు గూడు తొలుస్తుంది, పనికిరాని తేడాలను మట్టితో పూస్తుంది. పూత ఎప్పటికీ ఊడదని కాదు, పెద్దయ్యాక దాన్ని గీకడానికి చెమటోడ్చాలి.

జపానువాళ్ళకు ఇంగ్లీషు ర, ల మధ్య ఇదే అవస్థ. అన్నం కాస్తా పేను అవుతుందని ఇంగ్లీషువాళ్ళు వాళ్ళను ఆట పట్టిస్తారు. స్పెయినువాళ్ళకు ‘షిప్’, ‘షీప్’ ఒకటే, ఓడెక్కమంటే గొర్రెనెక్కుతారు. మనకు ఆ బాధ లేదు. పలక, పాలక, మడి, మాడి అంటూ పెరిగిన చెవికి హ్రస్వం దీర్ఘం తేడా ఉగ్గుపాలతో వచ్చింది. ఇంగ్లీషు రాదని తల దించుకునే పల్లెటూరి పిల్లవాడు ఈ ఒక్క విషయంలో స్పెయిను ప్రొఫెసరుకు పాఠం చెప్పగలడు.

వెస్టుల తేడా తెలుసుకోవాలంటే చెవికంటే కన్నే మేలు. మాట్లాడేవాడి పెదవులు చూడాలి. వినడంలో కంటికీ వాటా ఉందని 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ చూపించారు. ‘గ’ అని కదిలే పెదవుల బొమ్మకు ‘బ’ అనే శబ్దం అతికిస్తే చూసేవాళ్ళలో చాలామందికి ‘డ’ వినిపించింది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ ‘బ’.

కె.సి. కెనాలులో నిలిచిపోయిన ‘సి’

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు పారే కాలువను సీమలో అందరూ కె.సి. కెనాలు అంటారు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాన్ని తవ్వించింది. పొలాలకే కాదు, పడవలు నడపడానికి కూడా అని తవ్వారు. నష్టాల్లో పడిన కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వం కొనేసింది. పేరులో ‘కె’ కర్నూలు. ‘సి’ కడప. అప్పట్లో దొరలు కడపను ‘సి’తో మొదలుపెట్టి, రెండు ‘డి’లు వేసి, చివర ఒక ‘హెచ్’ తగిలించి రాసేవాళ్ళు. 2005లో ఆ రాత పోయి ‘కె’తో మొదలయ్యే సూటి రాత వచ్చింది. ఊరి పేరు మారింది, కాలువ పేరు మారలేదు. ఇప్పటి పిల్లలు ‘కె’ సరే, ‘సి’ ఏమిటని అడిగితే పాత కథ చెప్పాలి.

ఇంగ్లీషు రాత నిండా ఇట్లాంటి ‘సి’లే. రాత్రి ‘నైట్’, గుర్రపు వీరుడు ‘నైట్’ ఒకేలా పలుకుతాయి. వీరుడికి మాత్రం ముందు ‘కె’ ఉంటుంది. రెంటి మధ్యలో పలకని ‘జి’, ‘హెచ్’ ఉంటాయి. ఆరు వందల ఏళ్ళ కింద ఆ ‘కె’ను నిజంగానే పలికేవాళ్ళు. ‘జి-హెచ్’ కూడా గొంతులో గాలి రాపిడి. కర్నూలు పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ‘ఖబర్’ అన్నప్పుడు వినిపించే ఖ లాంటిది. వీరుడు అప్పుడు దాదాపు ‘క్నిఖ్త్’, రాత్రి ‘నిఖ్త్’. ‘రైట్’ అంటే రాయడం, ‘రైట్’ అంటే సరి. రాయడానికి ముందున్న ‘డబ్ల్యు’ కూడా ఒకప్పుడు పలికిందే.

అచ్చులూ కదిలాయి. సుమారు 1400కూ 1700కూ మధ్య ఇంగ్లీషు దీర్ఘాచ్చులు చాలావరకు మెట్టు మెట్టుగా పైకి జరిగాయి. ‘కలవడం’ అనే మీట్ అప్పుడు ‘మేట్’. ‘మాంసం’ అనే మీట్‌లో అచ్చు ఇంకా నోరు తెరిచి పలికేది, మన మేకలోని ‘ఏ’కు దగ్గరగా. (మాంసమూ మేకా, గుర్తుంచుకోవడానికి ఇంతకంటే సులువు దొరకదు.) మెట్లెక్కుతూ పోయి రెండూ ‘ఈ’ దగ్గర ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఈ కదలిక మధ్యలోనే, 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. అచ్చుపని పెరిగే కొద్దీ రాత గట్టిపడింది, నాలుక మాత్రం నడుస్తూ పోయింది. అంటే ఇప్పుడు ఒకేలా వినిపించే జంటల్లో చాలావాటికి వేరువేరు రాత ఉండటం వట్టి పిచ్చి కాదు. అవి వేరుగా పలికిన కాలపు ఆనవాలు.

తలకిందులు కథలూ ఉన్నాయి. పువ్వు ‘ఫ్లవర్’, పిండి ‘ఫ్లవర్’ మొదట ఒక్క మాటే. ధాన్యం విసిరి జల్లించాక దిగే మేలైన మెత్తని పిండిని ‘పువ్వు’ అన్నారు. తరవాత ఎప్పుడో అక్షరాలు పంచుకుని వేరు కాపురాలు పెట్టాయి.

రాళ్ళ మీది తెలుగు

మనది పలికినట్టే రాసే భాష, మనకీ పీడ లేదు అని గర్వపడేవాళ్ళకు కడప జిల్లాలోనే సమాధానం ఉంది.

‘ఈ ఏడు వానల్లేవు’ అన్నప్పుడు ఏడు, ‘ఏడు రోజులు’ అన్నప్పుడు ఏడు ఒకటేనా? పాత నిఘంటువు తిరగేస్తే సంవత్సరానికి నడుమ అరసున్న కనిపిస్తుంది: ఏఁడు. ముక్కుతో పలికిన ధ్వని అరిగిపోగా మిగిలిన గుర్తు అది. తమిళంలో సంవత్సరం ఇప్పటికీ ‘ఆండు’, ఆ సున్న అక్కడ నిండుగానే ఉంది. నది ‘ఏఱు’, ఎడ్లు కట్టిన నాగలి ‘ఏరు’. ఏరువాకలో ఉన్నది నాగలి, సెలయేటిలో ఉన్నది నది. ర, ఱ ఒకప్పుడు వేరు ధ్వనులు. నోట్లో కలిసిపోయాక కొన్నాళ్ళు రాతలో నిలిచాయి. తరవాత అచ్చుపుస్తకాల్లో అరసున్ననూ బండి ఱనూ వదిలేశాం. ఇంగ్లీషువాడు పాత అక్షరాలు అట్టిపెట్టుకుని పిల్లలను ఏడిపించాడు. మనం తీసేసి పిల్లలను కాపాడాం, బదులుగా ఏరు ఏదో తెలియకుండా పోయింది. రెంట్లో ఏది మేలో నాకు తేలలేదు. అర్థం, అర్ధం దగ్గర మాత్రం మనం ఇంకా ఇంగ్లీషువాడి బాటలోనే ఉన్నాం. పలుకులో చాలామందికి ఒకటే, పరీక్ష కాగితం మీద మార్కు పోతుంది.

ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో ఉండిన శాసనాన్ని మొదటి తెలుగు శాసనం అంటారు. సుమారు 575 నాటిది, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించింది. రేనాటి రాజుల శాసనాల్లో మన అక్షరమాలలో ఇప్పుడు లేని ఒక అక్షరం కనిపిస్తుంది: ఴ. ల కాదు, ళ కాదు, డ కాదు. నాలుక వెనక్కి మడిచి, అంగిటికి తగలనివ్వకుండా పలికే ధ్వని. తరవాతి తెలుగులో అది చాలా మాటల్లో ‘డ’లో కలిసింది. ఆ రాజులను కొందరు రేనాటి చోళులని, కొందరు రేనాటి చోడులని రాయడం వెనక ఉన్నది ఈ ధ్వనే. ఏడు అనే అంకెలోని డ కూడా ఒకప్పుడు ఇదే. అంటే ఈ నేల మీద అంకె ఏడూ, సంవత్సరం ఏడూ ఏ బడిపిల్లవాడూ తికమకపడనంత వేరుగా వినిపించిన రోజులున్నాయి.

2014లో ఈ అక్షరాన్ని యూనికోడులో తెలుగు వరుసలో చేర్చారు, ఫోనులో ఇప్పుడు రాసుకోవచ్చు. పలకడం మాట వేరు. పక్క రాష్ట్రం తమిళుడు ఎవరైనా టీ కొట్టు ముందు తన భాషలో ‘ఏడు’ను ఆ పాత ధ్వనితో చక్కగా పలికితే, కడపవాడు శ్రద్ధగా విని, తిరిగి అంటాడు: “ఏళు.” కాదు, ఏఴు అని ఆయన మళ్ళీ పలుకుతాడు. “అదే కదన్నా నేనన్నది, ఏళు.”